వేడిని అదుపుచేయు మీటకు ఏ తీగ వేయవలయును?

శీతకాలము సమీపించునప్పుడు సహకార సంఘమునకు వచ్చు రైతులు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు అడుగుట వాడుక. ఇటీవల మఱియొక ప్రశ్న కూడ వారి నోట తఱచుగా వినవచ్చుచున్నది. కోడిపిల్లల గదిలో వేడిని అదుపుచేయుటకు థర్మోస్టాటు పెట్టదలచితిమి, దానికి ఏ వైరు కొనవలయునని కొందఱు అడుగుచున్నారు. స్నానమునకు గీజరు తెచ్చితిమి, బల్బుకు వేసిన పాత వైరుకే దానిని తగిలింపవచ్చునా యని మఱికొందఱు అడుగుచున్నారు. అంగడిలో అడిగినచో అమ్మువాడు తన యొద్ద నున్నదే మేలైనదని చెప్పును. అందుచేత ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయ నిశ్చయించితిమి.

మన బసంత్‌నగర్ చుట్టుపట్ల గ్రామములు విద్యుత్తునకు పుట్టినింటి వంటివి. సింగరేణి గనుల బొగ్గును, గోదావరి నీరును కూడి రామగుండమున విద్యుత్తగుచున్నవి. అచ్చటి జాతీయ తాప విద్యుత్ కేంద్రములో మొదటి యంత్రము 1983వ సంవత్సరమున నడచినది. తరువాత ఒకదాని వెంట నొకటిగా యంత్రములు చేరగా ఆ కేంద్రపు శక్తి 2,600 మెగావాట్లైనది. అయినను విద్యుత్తు పుట్టుచోటికి మన మెంత చేరువలో నున్నను, మన గోడలోని తీగ సన్నదైనచో అది వేడెక్కకమానదు. తీగ తన శక్తి కొలదియే మోయును.

వేడి పుట్టించు పరికరము ఇంటిలోని ఇతర పరికరముల వంటిది కాదని మొట్టమొదట గ్రహింపవలయును. ఇప్పుడు మన ఇండ్లలో వెలుగుచున్న ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లది. పైకప్పు పంకా సుమారు 75 వాట్లది. గీజరు మాత్రము 2,000 వాట్లది. అనగా ఒక్క గీజరు పెట్టుట యనునది ఆ తీగపై రెండువందల ఇరువది బల్బులను ఒక్కసారిగా వ్రేలాడగట్టుటతో సమానము. బల్బుకు వేసిన తీగకు గీజరును తగిలించుట మేకకు వేసిన పలుపుతో ఎద్దును కట్టివేయుట వంటిది.

థర్మోస్టాటు అనగా నేమి?

బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట మనలో పెద్దలు చూచినదే. కమ్మరి పట్టాను నిప్పులలో ఎఱ్ఱగా కాల్చును. అది సాగి పెద్దదగును. చక్రముపై తొడిగి నీరు పోయగానే కుదించుకొని బిగియును. లోహము వేడికి పెరుగును, చలికి తగ్గును. కాని లోహములన్నియు ఒకే కొలతగా పెరుగవు. ఇత్తడి ఇనుముకంటె హెచ్చుగా పెరుగును. ఈ రెండు లోహముల రేకులను జంటగా అతికి వేడిచేసినచో, రెండును సమముగా సాగజాలక, ఇత్తడి వెలుపలి వైపున నుండునట్లు జంటరేకు వంగును. ఆ వంపుచేత విద్యుత్ మార్గము తెగిపోవును. చల్లారగానే రేకు నిటారై మార్గము మరల కలియును. మనము కోరిన వేడి వచ్చినప్పుడు తనంతట తాను ఆఱ్పుటకును, వేడి తగ్గినప్పుడు తనంతట తాను వెలిగించుటకును పనికివచ్చు ఈ మీటకే థర్మోస్టాటని పేరు. కొన్నింటిలో రేకునకు మాఱుగా ద్రవము నింపిన సన్నని గొట్టముండును. క్రొత్తవానిలో అంకెలు చూపు ఎలక్ట్రానిక్ పెట్టె యుండును. రూపము మాఱినను పని యొక్కటియే.

ఈ మీట చూచుటకు అగ్గిపెట్టె యంతటిది. అందుచేతనే దానికి సన్నని తీగ చాలునని చాలమంది భ్రమపడుదురు. చెఱువు తూమును తలచుకొనుడు. తూము తలుపు చిన్నది; కాని ఆయకట్టునకు పోవు నీరంతయు దానిక్రిందనే పోవలయును. తలుపు చిన్నదని కాలువను వ్రేలెడు వెడల్పున త్రవ్వించు రైతు లేడు. థర్మోస్టాటు తీగయు అట్టిదే. మీట పరిమాణమును చూచి తీగను కొనరాదు. ఆ మీటగుండా పొయ్యికి పోవు విద్యుత్తెంతో తెలిసికొని కొనవలయును. ఈ వ్యాసములో మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

కబురు తీగయు, బరువు తీగయు

థర్మోస్టాటులు రెండు జాతులవి. ఒక జాతి కబురు మాత్రము పంపును. రెండవ జాతి బరువంతయు తానే మోయును.

ఈ భేదము మొదటినుండియు నున్నది. అమెరికా దేశపు విస్కాన్సిన్ రాష్ట్రమున వారెన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడు 1883వ సంవత్సరములో విద్యుత్ థర్మోస్టాటునకు పేటెంటు పొందెను. పాఠశాల గదిలో చలి హెచ్చినప్పుడు క్రింది అంతస్తులో పొయ్యి చూచుకొను పనివానికి గంట మ్రోగించి తెలుపుట దాని తొలి పని. గంట మ్రోగించుటకు కొద్దిపాటి విద్యుత్తు చాలును. నేటికిని ఆ దేశపు ఇండ్లలో పెక్కింట ఆ పద్ధతియే నడచుచున్నది. ఇంటిని వెచ్చబెట్టు పెద్ద పొయ్యి ఒకచోట నుండును. గోడమీది థర్మోస్టాటు దానికి "వెలిగించు", "ఆఱ్పు" అను కబురు మాత్రము పంపును. ఆ కబురు 24 వోల్టులతో పోవును. తీగలో నడచు విద్యుత్తు ఒక ఆంపియరు కూడ నుండదు. కావున సుమారు 0.8 చదరపు మిల్లీమీటరు సన్నని తీగ దానికి చాలును. అచ్చటనే గోడకు బిగించు విద్యుత్ హీటర్లు కొన్ని 240 వోల్టులతో నడచును. వాని థర్మోస్టాటులకు బలమైన తీగయే వేయుదురు.

మన గీజరులలోను, మన కోడిపిల్లల గదులలోను వాడు థర్మోస్టాటులు ప్రాయికముగా రెండవ జాతివి. 230 వోల్టుల విద్యుత్తు తిన్నగా వానిగుండానే హీటరునకు పోవును. ఇచ్చట సన్నని కబురు తీగ వేయుట నిప్పును కొంగున కట్టుకొనుటయే.

మన ప్రాంతమునుండి బిడ్డలు అమెరికాకు పోయి స్థిరపడిన కుటుంబములు నేడు తక్కువ కాదు. వారు సెలవులకు వచ్చునప్పుడు అచ్చటి సొగసైన థర్మోస్టాటును తెచ్చి ఇచ్చట బిగించుట సంభవము. 24 వోల్టుల పరికరమునకు 230 వోల్టులు తగిలించినచో అది తక్షణము కాలిపోవును. ప్రక్కన నున్నదానిని కూడ కాల్చవచ్చును. ఏ థర్మోస్టాటునైనను బిగించుటకు ముందు దానిపై వ్రాసిన వోల్టులను, ఆంపియర్లను చదువుడు. చదువరాని వారు బడికిపోవు పిల్లలచేత చదివించుడు. ఆ రెండంకెలును లేని పరికరమును కొనకుడు.

రంగులను గూర్చియు ఒక హెచ్చరిక. మన ఇంటి గోడ తీగలలో ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. పరికరములతో వచ్చు మెత్తని త్రాడులో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. కాని బావి మోటారు స్టార్టరులో ఎఱుపు, పసుపు, నీలము మూడును ఫేజులే గదా. మోటారు పనికి అలవాటుపడిన రైతు గీజరు త్రాడులోని నీలమును ఫేజని తలచుట సులభము. అమెరికా ఇండ్లలోనో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. వారి 24 వోల్టుల థర్మోస్టాటు తీగలలో ఆకుపచ్చ పంకాకు పోవునది, ఎర్తు కానేకాదు. కావున రంగును నమ్మి తీగను ముట్టరాదు. టెస్టరుతో పరీక్షించిన పిమ్మటనే నమ్మవలయును.

బరువును లెక్కించుట

లెక్క సులభమైనది. హీటరుపై వ్రాసిన వాట్లను 230చే భాగించినచో ఆంపియర్లు వచ్చును. 1,000 వాట్లకు 4.3 ఆంపియర్లు. 1,500 వాట్లకు 6.5 ఆంపియర్లు. 2,000 వాట్లకు 8.7 ఆంపియర్లు. 3,000 వాట్లకు 13 ఆంపియర్లు.

చిన్న సాకెటు 6 ఆంపియర్లది, పెద్ద సాకెటు 16 ఆంపియర్లది. బక్కెటులో ముంచు 1,500 వాట్ల కడ్డీ 6.5 ఆంపియర్లు తీసికొనును. దానిని చిన్న సాకెటులో పెట్టినచో మొదటి దినమే దాని శక్తి మీఱిపోయినట్లు. సాకెటు రంధ్రములచుట్టు పసుపుబాఱి నల్లబడిన గుర్తులు ఎన్నో ఇండ్లలో కనుపించును. అవి మురికి గుర్తులు కావు, కాలిన గుర్తులు.

తీగల విషయమున మా సలహా ఇది. రాగి తీగనే వాడుడు. 1,000 వాట్ల వఱకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 2,000 వాట్ల వఱకు 2.5 తీగ, 3,000 వాట్లకు 4 తీగ. అంగడిలో వీనిని ఒకటిన్నర, రెండున్నర, నాలుగు వైరు అని యందురు. హీటరునకు వచ్చు తీగ వేఱుగా స్విచ్చు బోర్డునుండి రావలయును. మధ్యలో బల్బులకు, పంకాలకు పాలు పంచరాదు.

దూరమును కూడ లెక్కించుడు. కోడిపిల్లల పాక ఇంటికి 50 మీటర్ల దూరమున నున్నదనుకొందము. పోవుటకు, వచ్చుటకు కలిపి తీగ పొడవు 100 మీటర్లు. 2,000 వాట్ల హీటరును 1 చదరపు మిల్లీమీటరు తీగతో నడపినచో దారిలోనే సుమారు 16 వోల్టులు తఱుగును. తీగయే సుమారు 137 వాట్లు తిని వేడెక్కును. 2.5 తీగ వేసినచో తఱుగు సుమారు 6 వోల్టులు, నష్టము 56 వాట్లు. 4 తీగ వేసినచో తఱుగు 4 వోల్టులు, నష్టము 35 వాట్లు. సన్నని తీగ కొని మిగిల్చితిమనుకొను రైతు ఆ మిగులును నెలనెల కరెంటు బిల్లులో చెల్లించుచున్నాడు.

ఇచ్చట మఱియొక విషయము. వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు కాలిపోవునని రైతులందఱు నెఱుగుదురు. హీటరు అట్లు కాలదు. దాని వేడి తగ్గిపోవును. 180 వోల్టులు వచ్చు రాత్రి హీటరు తన వేడిలో నూటికి 61 పాళ్లు మాత్రమే ఇచ్చును. అప్పుడు పిల్లలు చలికి ముడుచుకొనుట చూచి రైతు రెండవ హీటరును తెచ్చి అదే తీగకు తగిలించును. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఊరిలో వాడకము తగ్గి వోల్టేజీ పూర్తిగా వచ్చును. అప్పుడు రెండు హీటర్ల బరువును ఒక్కసారి ఆ తీగపై పడును. రైతు నిద్రలో నుండును. కావున రెండవ హీటరు అవసరమగునేమో యను సందేహమున్నచో మొదటనే రెంటికి సరిపడు తీగ వేయుడు.

అతుకులు, పూతలు

తీగ ఎంత మంచిదైనను అతుకు చెడినచో ఫలము లేదు. అతుకు వదులైనచోట అర ఓము నిరోధము కలిగినదనుకొందము. 2,000 వాట్ల హీటరు నడచుచుండగా ఆ గోరంత చోటులో సుమారు 38 వాట్ల వేడి పుట్టును. రేడియో బాగుచేయువాడు సీసము కరగించు కడ్డీ 25 వాట్లది. అనగా గోడలో మనకు కనబడని చోట అంతకంటె వేడియైన కడ్డీని రాత్రియంతయు ఉంచి నిద్రించుచున్నామన్నమాట. అందుచేత హీటరు తీగలో నడుమ అతుకు ఉండరాదు. తప్పనిచోట మెలిపెట్టి టేపు చుట్టుట కాక, మర బిగించు కనెక్టరును పెట్టెలో నుంచి వాడవలయును. ఏడాదికొకసారి మరలు బిగించి చూడవలయును. కోళ్ల పాకలో రెట్టనుండి లేచు అమ్మోనియా ఆవిరి రాగిని తినివేయును గనుక అచ్చట ఆఱునెలల కొకసారి చూచుట మేలు.

ఇక తీగపై నుండు పూత. సామాన్యమైన పి.వి.సి. పూత 70 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు ఓర్చును. వేడికి ఓర్చు ప్రత్యేకపు పి.వి.సి. పూత 85 డిగ్రీల వఱకు ఓర్చును. హీటరు కడ్డీకి తగులు తుది మూర దూరమున ఈ రెండును చాలవు, మెత్తబడి జాఱిపోవును. అచ్చట 180 డిగ్రీలు ఓర్చు సిలికాన్ రబ్బరు పూతగల తీగను గాని, గాజునార తొడుగును గాని వాడవలయును. గీజరు చేసినవారు దాని లోపల అట్టి తీగనే పెట్టుదురు. అది చెడినప్పుడు ఊరిలో బాగుచేయించునెడ దాని స్థానమున మామూలు తీగ వేయకుండ చూచుకొనుడు.

పాకలో తీగను ఊరక వ్రేలాడదీయరాదు. దాణా ఉన్నచోట ఎలుకలుండును. ఎలుక కొఱికిన తీగ వరిపొట్టుమీద పడినచో తక్కినది చెప్పనక్కఱలేదు. గట్టి గొట్టములో పెట్టి, గోడవెంట ఎత్తుగా తీసికొనిపోవుడు.

ఫేజునే త్రెంపవలయును

థర్మోస్టాటు ఏ తీగను త్రెంపుచున్నదో చూచుట ముఖ్యము. ఫేజును త్రెంపినచో హీటరు నిజముగా ఆఱిపోవును. పొరపాటున న్యూట్రలును త్రెంపునట్లు కలిపినచో హీటరు చల్లబడును గాని దానిలో విద్యుత్తు నిలిచియేయుండును. ఆఱినది గదా యని చేయిపెట్టినవాని ప్రాణము పోవచ్చును. పరికరము పనిచేయుచున్నంతవఱకు ఈ తప్పు బయటపడదు. అందుచేతనే ఇది మిక్కిలి అపాయకరమైనది. హీటరునకు రెండు తీగలను ఒక్కసారి త్రెంపు జంట స్విచ్చును కూడ పెట్టించుడు. శుభ్రపఱచుటకు ముందు దానిని ఆఱ్పుడు.

అంకెలు చూపు చిన్న పెట్టెలపై 10 ఆంపియర్లని వ్రాసియుండుట కలదు. 2,000 వాట్ల హీటరు 8.7 ఆంపియర్లు తీసికొనును గనుక సరిపోవునని తలచుదురు. కాని దినమునకు ఎన్నో మార్లు వెలిగించి ఆఱ్పు మీటను దాని తుది శక్తివఱకు వాడరాదు. అట్లు వాడినచో లోపలి మొనలు నిప్పురవ్వలకు కరగి అతుకుకొనిపోవును. తరువాత అది ఆఱ్పజాలదు. ఇందుకు ఉపాయము మన బావియొద్దనే ఉన్నది. మోటారు స్టార్టరులో మీట నొక్కగానే "టక్కు"మని పట్టుకొను భాగమున్నది గదా, అదియే కాంటాక్టరు. మన వ్రేలు మోటారు బరువును మోయదు, కాంటాక్టరు మోయును. అట్లే థర్మోస్టాటుచేత కాంటాక్టరును పట్టించి, హీటరు బరువును కాంటాక్టరు మోయునట్లు చేయవచ్చును. అప్పుడు మన థర్మోస్టాటు కూడ కబురు పంపునదే యగును. అయినను ఆ కబురు 230 వోల్టులదని మఱవరాదు. దాని తీగయు ఒకటిన్నరకు తగ్గరాదు.

థర్మోస్టాటు చెడినచో కాచుటకు రెండవ కాపరి ఉండవలయును. మంచి గీజరులో థర్మోస్టాటునకు తోడు వేడి మితిమీఱినప్పుడు త్రెంపు మీటయు, ఒత్తిడిని వదలు వాల్వును ఉండును. వానిని తీసివేసి నడుపుట ప్రాణముతో ఆటలాడుటయే. కోడిపిల్లల పాకలో మొదటిదానికంటె కొన్ని డిగ్రీలు హెచ్చుగా పెట్టిన రెండవ థర్మోస్టాటును అదే వరుసలో కలుపుడు. మొదటిది అతుకుకొనిపోయినను రెండవది త్రెంపును.

పిల్లల పాకను గూర్చి

హైదరాబాదునందలి కోళ్ల పరిశోధన సంచాలక కార్యాలయము రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతుల పిల్లలను పెంచి అమ్ముట మన రైతు కుటుంబములకు, విశేషించి స్త్రీలకు, తగిన ఉపవృత్తి. ఒక దినము వయసు పిల్లకు మొదటి వారమున 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలయును. వారమునకు 5 ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుకొనిపోవలయును. పిల్లకు ఒకటి మొదలు రెండు వాట్లు లెక్కించుట ఆచారము. 500 పిల్లలకు 500 మొదలు 1,000 వాట్లు.

థర్మోస్టాటు మొనను పిల్లల వీపు ఎత్తున పెట్టుడు. దీపముక్రింద పెట్టినచో త్వరగా ఆఱిపోవును. తలుపు ప్రక్కన పెట్టినచో ఆఱనే ఆఱదు. మీట ఏమి చెప్పినను పిల్లలను చూడుడు. హీటరుక్రింద గుంపుగా ముడుచుకొన్నచో చలి హెచ్చు. దూరముగా పోయి నోళ్లు తెఱచి ఒగర్చినచో వేడి హెచ్చు. పాకయంతట సమముగా తిరిగినచో వేడి సరిగానున్నది. హీటరును గొలుసుతో వ్రేలాడదీయుడు. ఆ బరువు విద్యుత్ తీగపై పడరాదు. అది తెగి వరిపొట్టుపై పడినచో ఒక్క రాత్రిలో పిల్లలును, పాకయు, అప్పు తెచ్చిన సొమ్మును పోవును.

విద్యుత్తునకు వెఱచి మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకొనుట దీనికి మందు కాదు. బొగ్గు సగము కాలినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. బొగ్గు గనుల ప్రక్క నివసించు మనకు ఇది ఎవ్వరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

ఎర్తు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి.

ఈ మూడింటి పనులు వేఱువేఱు. ఒకటి యున్నచో మఱియొకటి అక్కఱలేదనరాదు.

ఎం.సి.బి. తీగను కాచును. తీగ మోయగలిగిన దానికంటె హెచ్చు విద్యుత్తు పోయినప్పుడు త్రెంపును. రెండున్నర తీగకు 16 ఆంపియర్ల ఎం.సి.బి. తగును. మాటిమాటికి పడిపోవుచున్నదని 32 ఆంపియర్లది పెట్టినచో కాపలా కుక్కను కట్టివేసి దొంగకు తలుపు తీసినట్లగును. ఫ్యూజున్న ఇండ్లలో ఫ్యూజు తీగకు మాఱుగా రాగి పోగులు మెలిపెట్టి పెట్టుటయు నిట్టిదే.

ఆర్.సి.సి.బి. మనిషిని కాచును. పోయిన విద్యుత్తు, తిరిగివచ్చిన విద్యుత్తు సమముగా లేనిచో, అనగా కొంత మన శరీరము ద్వారా భూమికి పోవుచున్నచో, క్షణములో త్రెంపును. 30 మిల్లీ ఆంపియర్ల గుర్తుగలదానినే అడుగుడు. తడి చేతులతో మెలగు స్నానపు గదికిని, నీటితో కడుగు కోళ్ల పాకకును ఇది తప్పనిసరి. దానిపై పరీక్ష మీట యుండును. ప్రతి అమావాస్యనాడు దానిని నొక్కి చూడుడు. పడిపోయినచో మంచిది, పడనిచో మార్పించుడు.

ఎర్తు ఈ రెంటికి పునాది. ఎర్తు లేక తక్కినవన్నియు పెట్టుట ఇసుకపై ఇల్లు కట్టుట. 40 మిల్లీమీటర్ల ఇనుప గొట్టమును రెండున్నర మీటర్ల లోతున పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోయుచుండవలయును. కొన్నిచోట్ల న్యూట్రలు పోయినప్పుడు ఎర్తునే న్యూట్రలుగా వాడి బల్బులు వెలిగించుకొనుట కలదు. అట్లు చేసినప్పుడు ఎర్తునకు కలిపిన గీజరు తొట్టియు, ఇనుప పాకయు, కట్టిన పశువును కూడ విద్యుత్తు పాలగు ప్రమాదమున్నది. ఒక బల్బు వెలుగునకై ఒక గేదెను గాని, ఒక మనిషిని గాని పణముగా పెట్టరాదు.

తీగను కొనునప్పుడు

ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 694 అను అంకెను చుట్టపై చూచి కొనుడు. గుర్తునే దొంగముద్ర వేయువారున్నచోట రైతునకు తెలిసిన పరీక్ష యొకటి గలదు, అది తక్కెడ. 90 మీటర్ల రెండున్నర తీగ చుట్టలో రాగియే సుమారు 2 కిలోగ్రాములుండును. పూతతో కూడ చుట్ట ఇంకను హెచ్చుగా తూగవలయును. మొత్తము చుట్టయే 2 కిలోగ్రాములకు తక్కువ తూగినచో అది రెండున్నర తీగ కాదు, లేదా రాగి కాదు. రెండవ పరీక్ష కత్తి. ఒక పోగును గీచి చూడుడు. లోపల తెల్లగా కనబడినచో అది రాగి పూసిన అల్యూమినియము. ధాన్యమును తూచి కొనువానికి తీగను తూచి కొనుటకు సిగ్గేల?

ఈ విషయమున సంఘము చేయదగిన పని కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క చుట్టను విడిగా కొనినచో ధరయందును, నాణ్యమునందును అమ్మువానిదే పైచేయి. పది కుటుంబములు తమకు కావలసిన తీగ, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. లెక్కలను వ్రాసి ఇచ్చినచో సంఘము ఒక్కసారిగా తెప్పించి, సభ్యుల ఎదుట తూచి పంచవచ్చును. లైసెన్సు గల పనివానిని ఒకనిని పిలిపించి అందఱి ఇండ్లలో వరుసగా పని చేయించినచో కూలియు కలిసివచ్చును. విత్తనములను, ఎరువులను కలిసి కొనుటకు అలవాటుపడిన మనకు ఇది క్రొత్త విద్య కాదు.

పని రైతు స్వయముగా చేయవలెనని మేము చెప్పుట లేదు. పనివానిని అడుగుట నేర్చుకొనవలెనని చెప్పుచున్నాము. ఈ థర్మోస్టాటు ఎన్ని వోల్టులది, ఎన్ని ఆంపియర్లది? హీటరు ఎన్ని వాట్లది? తీగ ఎంత మందము, ఎంత పొడవు? త్రెంపుచున్నది ఫేజునేనా? ఎం.సి.బి. ఎంత? ఆర్.సి.సి.బి. ఉన్నదా? ఎర్తును పరీక్షించితివా? ఈ ప్రశ్నలకు తిన్నగా బదులు చెప్పువాడు మంచి పనివాడు. విసుగుకొనువానిని సాగనంపుడు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకంటె మార్గశిరము రాకముందే తీగలను చూచుకొనుట మేలు. వచ్చు సంఘ సమావేశమునకు ప్రతి సభ్యుడును తన ఇంటి హీటరుపై నున్న వాట్ల అంకెను, తీగ మందమును చీటీపై వ్రాసి తెచ్చినచో, ఏది మార్పవలెనో అందఱము కలిసి లెక్కించి చూతము.